ఔత్సాహికుడు వృత్తిదారుడైన కథ: జాక్ నిక్లస్

ఔత్సాహిక నాటక సమాజం అన్న మాట తెలుగువారికి చిరపరిచితమైనది. పగలు కచ్చేరీలోనో పాఠశాలలోనో ఉద్యోగం చేసికొని, రాత్రివేళ ముఖానికి రంగు పూసికొని రంగస్థలం ఎక్కేవారు ఔత్సాహికులు. సురభివారు అట్టివారు కారు. వారికి నాటకమే జీవిక. ఆ తెరల మాటుననే వారి పిల్లలు పుట్టి పెరిగినారు. ఈ ఇద్దరిలో ఎవరి కళ గొప్పదని అడిగితే వాదం తెల్లవారేదాకా సాగుతుంది. ఔత్సాహికునిది ప్రీతి, వృత్తిదారునిది పొట్టకూటి విద్య అని ఒకరంటారు. ప్రీతి లేనివాడు నాటకాన్ని నమ్ముకొని అర్ధాకలితో ఊరూరా ఎందుకు తిరుగుతాడని మరొకరంటారు. ఈ వాదమే గోల్ఫు అనే క్రీడలో నూరేండ్లకు పైగా నడిచినది. అక్కడ అది మాటలతో పోలేదు. నియమావళిగా, సంఘాలుగా, మూసిన క్లబ్బు తలుపులుగా రూపు దాల్చినది. ఆ వాదం 21 ఏండ్ల యువకుని ఇంటికి వచ్చి కూర్చున్నప్పుడు అతడేమి చేసినాడో చెప్పడం ఈ ప్రసంగంలో నా ఉద్దేశం. అతని పేరు జాక్ నిక్లస్. ఊరు అమెరికాలోని ఒహాయో రాష్ట్ర రాజధాని కొలంబస్.

గోల్ఫు మన శ్రోతలలో చాలామందికి పరిచయమున్న ఆట కాదు. విశాఖపట్నంలోను, హైదరాబాదులోను గోల్ఫు మైదానాలున్నవి గాని, వాటిని ప్రహరీ ఇవతలినుండి చూచినవారే ఎక్కువ. అందుచేత రెండు ముక్కలు ముందు చెప్పవలె. విశాలమైన పచ్చిక మైదానంలో దూరదూరంగా 18 గుంటలుంటవి. చిన్న బంతిని రకరకాల కర్రలతో కొట్టుకొంటూ పోయి, ఒకదాని తరువాత ఒకటిగా ఆ గుంటలలో పడవేయాలి. ఎవరు తక్కువ దెబ్బలలో పూర్తిచేస్తే వారిది గెలుపు. 18 గుంటలు ముగిస్తే ఒక ఆవృత్తి. పెద్ద పోటీలలో నాలుగు ఆవృత్తులాడి మొత్తం దెబ్బలు లెక్క కడతారు. మరొక పద్ధతి ద్వంద్వయుద్ధం వంటిది: ఇద్దరే ఎదురెదురుగా నిలిచి, ఈ గుంట నీది, ఆ గుంట నాది అని గెలుచుకొంటూ పోవడం. రేడియోలో పనిచేసేవాడిగా ఒక్కమాట. క్రికెట్టును, ఫుట్‌బాలును మాటలతో కళ్ళకు కట్టించవచ్చును గాని, మైళ్ళ పొడవున చెదరి సాగే ఈ ఆటకు వ్యాఖ్యానం చెప్పడం బహు కష్టం. ఇక్కడ ఒకడు విజయోత్సాహంతో చేయి ఎత్తే వేళకు, అల్లంత దూరాన చెట్ల వెనుక మరొకడు ఆ విజయాన్ని తారుమారు చేస్తూ ఉంటాడు.

వృత్తిదారుడంటే ఆ రోజులలో క్లబ్బు సేవకుడు. కర్రలు బాగుచేయడం, సభ్యులకు ఆట నేర్పడం, పచ్చిక సంగతి కనిపెట్టి ఉండడం అతని పని. సభ్యులు కూర్చునే భవనంలోనికి అతనికి ప్రవేశం లేదు. ఎంతటి పోటీ గెలిచినా ఈ నియమంలో మార్పు లేదు. 1920లో ఇంగ్లండులోని డీల్ పట్టణంలో బ్రిటిష్ ఓపెన్ పోటీ జరిగినప్పుడు వాల్టర్ హేగన్ అనే అమెరికన్ వృత్తిదారుడు అక్కడికి వెళ్ళినాడు. అప్పటికే అతడు రెండుసార్లు తన దేశపు ఓపెన్ విజేత. దుస్తులు మార్చుకొనడానికైనా భవనంలోనికి రానీయకపోయేసరికి, ఒక ఖరీదైన మోటారు కారును అద్దెకు తెచ్చి సరిగా ఆ భవనం ముందరనే నిలిపించి, అందులో దుస్తులు మార్చుకొన్నాడు. అదే సంవత్సరం ఒహాయో రాష్ట్రంలోని టొలీడో నగరంలో ఇన్వర్నెస్ క్లబ్బువారు అమెరికా ఓపెన్ పోటీ సమయాన వృత్తిదారులకు తమ తలుపులు తెరిచినారు. కృతజ్ఞతగా ఆ ఆటగాండ్లు చందాలు వేసికొని క్లబ్బుకు ఒక పెద్ద నిలువు గడియారం బహూకరించినారు. తలుపు తెరిచినందుకు గడియారం ఇవ్వవలసి వచ్చినదంటే, ఆ తలుపు అంతకుముందు ఎంత గట్టిగా మూసి ఉన్నదో ఊహించవచ్చును.

ఔత్సాహికుని మర్యాదకు కాపలా కూడ అంత గట్టిదే. 1913లో బోస్టను సమీపాన బ్రూక్లైన్‌లో ఫ్రాన్సిస్ విమెట్ అనే 20 ఏండ్ల కుర్రవాడు ఇంగ్లండు మహారథులైన వార్డన్, రే అనే ఇద్దరు వృత్తిదారులను ఓడించి అమెరికా ఓపెన్ గెలిచినాడు. ఆ మైదానానికి రోడ్డు అవతలనే అతని ఇల్లు. చిన్ననాట అక్కడే ఇతరుల కర్రల సంచి మోసినాడు. అటువంటివాడు తరువాత ఆటవస్తువుల దుకాణం పెట్టుకొంటే, గోల్ఫు పేరు చెప్పి సొమ్ము చేసికొంటున్నాడని 1916లో అమెరికా గోల్ఫు సంఘం అతని ఔత్సాహిక హోదాను తీసివేసినది. 1918లో తిరిగి ఇచ్చినది. జాతి మొత్తానికి గోల్ఫు రుచి చూపించినవానికి జరిగిన సత్కారమిది. ఈ నియమాలను చేసినవారిలో చాలామందికి జీవికకోసం పనిచేయవలసిన అవసరం లేదని నా అనుమానం.

ఔత్సాహికత అనే ఆదర్శానికి నిలువెత్తు మూర్తి అట్లాంటా నగరవాసి బాబీ జోన్స్. ఇంజనీరింగు చదివి, హార్వర్డులో సాహిత్యం చదివి, ఆపైన న్యాయవాది అయినాడు. 1930లో బ్రిటన్, అమెరికా దేశాల ఓపెన్ పోటీలు రెండు, ఔత్సాహిక పోటీలు రెండు, మొత్తం నాలుగూ ఒకే సంవత్సరం గెలిచి, 28వ ఏట పోటీలనుండి విరమించినాడు. పందెపు సొమ్ము ఒక్క డాలరు ముట్టలేదు. అయితే చరిత్ర చెప్పేటప్పుడు సగం చెప్పి ఊరుకోరాదు. విరమించిన వెంటనే జోన్స్ హాలీవుడ్‌లో గోల్ఫు పాఠాల చలనచిత్రాలలో పాల్గొన్నాడు, కర్రలు తయారుచేసే కంపెనీతో ఒప్పందం చేసికొన్నాడు. అవి చేయడానికి ఔత్సాహిక హోదాను తానై విడిచిపెట్టినాడు. అందులో తప్పేమీ లేదు. కాని జోన్స్‌ను దేవుని చేసి కొలిచినవారు ఈ రెండవ సగాన్ని తరచు మరచిపోయినారు.

ఆ కొలిచినవారిలో చార్లీ నిక్లస్ ఒకరు. కొలంబస్‌లో సయోటో అనే క్లబ్బు మైదానంలో 1926 అమెరికా ఓపెన్ జరిగినది; గెలిచినది జోన్స్. అప్పుడు బాలుడైన చార్లీ ఆ పోటీ చూచినాడు. పెద్దవాడై మందుల దుకాణాలు పెట్టి, సయోటోలో సభ్యుడయినాడు. చీలమండకు శస్త్రచికిత్స జరిగినప్పుడు వైద్యులు మెత్తని నేలమీద నడవమన్నారు. గోల్ఫు మైదానంకంటె మెత్తని నేల ఎక్కడ ఉంటుంది? అయితే ఒకటి రెండు గుంటలు ఆడేసరికి కాలు నొప్పి పుట్టి కూర్చోవలసి వచ్చేది. తోటి సభ్యులు అంతసేపు ఆగలేరు కదా! అందుచేత తోడుగా కొడుకును తీసికొని పోయేవాడు. తండ్రి కూర్చున్నంతసేపు కొడుకు బంతి కొడుతూ ఉండేవాడు. ఇది 1950 నాటి మాట. 1940 జనవరి 21న పుట్టిన జాక్‌కు అప్పుడు 10 ఏండ్లు. మొట్టమొదటిసారి తొమ్మిది గుంటలు ఆడితే 51 దెబ్బలు పట్టినవట. పదేండ్లవానికి అది మంచి లెక్కే.

అదే సంవత్సరం జాక్ గ్రౌట్ అనే ఆయన సయోటో క్లబ్బుకు శిక్షకుడుగా వచ్చినాడు. శుక్రవారాలలో పిల్లలకు తరగతి పెట్టినాడు. ఆ వరుసలో మొదట నిలబడినవాడు మన జాక్. గ్రౌట్ పద్ధతి విచిత్రమైనది. పిల్లవాడు ముందు బంతిని శక్తికొద్దీ దూరంగా కొట్టడం నేర్చుకోవలె, సూటిగా కొట్టడం తరువాత వస్తుంది అనేవాడు. ఒక్కటి మాత్రం మొదటినుండి తప్పరాదు: తల కదలరాదు. ఇది మాటలతో చెప్పి ఊరుకోలేదు. ఒక సహాయకుడు ఎదురుగా నిలిచి కుర్రవాని జుట్టు పట్టుకొని ఉంటే, కుర్రవాడు బంతి కొట్టేవాడు. తల కదిలితే జుట్టు ఊడేది, కళ్ళ నీళ్ళు తిరిగేవి. వీథిబడిలో గుంజిళ్ళు తీసిన మన పెద్దలకు ఈ శిక్షణ విన్నప్పుడు నవ్వు రావచ్చును. ఆ తల తరువాత జీవితంలో కదిలినది లేదు. నిక్లస్ ఎంత పెద్దవాడైనా, ఏటేటా గ్రౌట్ వద్దకు వచ్చి మొదటి పాఠంనుండి మరల చెప్పించుకొనేవాడు.

1955లో, 15వ ఏట, జాక్ అమెరికా ఔత్సాహిక పోటీకి అర్హత సంపాదించి వర్జీనియా రాష్ట్రంలోని రిచ్మండ్ నగరానికి వెళ్ళినాడు. ఆ సంవత్సరం అతిథిగా వచ్చినవాడు సాక్షాత్తు బాబీ జోన్స్. అప్పటికి ఆయన వెన్నెముక వ్యాధితో నడవలేని స్థితిలో ఉన్నాడు. అభ్యాసంలో ఈ కుర్రవాడు చివరి గుంట వద్దకు రెండే దెబ్బలలో బంతిని చేర్చడం చూచి, పిలిపించి మాటలాడి, రేపు నీ ఆట చూడవస్తానని అన్నాడు. అన్నట్టే వచ్చినాడు. ఆ రాకతో కుర్రవాని చేతులు బిగుసుకుపోయినవి. వరుసగా గుంటలు పోగొట్టుకొన్నాడు. సంగతి గ్రహించిన జోన్స్, తన ఉనికి వీనికి బరువైనదని అక్కడినుండి నెమ్మదిగా తప్పుకొన్నాడు. జాక్ కోలుకొన్నాడు గాని చివరకు ఒక్క గుంట తేడాతో ఓడినాడు. గొప్పవారు రావడమే కాక, వెళ్ళిపోవడం కూడ తెలిసినవారై ఉండవలె. జోన్స్‌పట్ల ఆ కుటుంబానికి గల భక్తి ఆ రోజుతో ఇంకా పెరిగినది.

మరుసటి సంవత్సరం 16 ఏండ్ల జాక్ వృత్తిదారులు కూడ ఆడిన ఒహాయో ఓపెన్ గెలిచినాడు. 1957లో మొదటిసారి అమెరికా ఓపెన్‌లో ఆడినాడు. అది జరిగినది వృత్తిదారులు గడియారం బహూకరించిన ఆ ఇన్వర్నెస్ క్లబ్బులోనే. మొదటి రోజు 80, రెండవ రోజు 80 దెబ్బలు. మిగిలిన రెండు ఆవృత్తులకు అర్హత దొరకక ఇంటికి తిరిగివచ్చినాడు. ఆ యేడే ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చేరినాడు. తండ్రి బాటలో ఔషధశాస్త్రం చదువవలెనని మొదటి తలంపు. క్రమంగా అది వాణిజ్యవిద్య వైపు తిరిగినది. చదువులో అతని శ్రద్ధ సామాన్యమే.

1959లో బ్రిటన్, ఐర్లండు ఔత్సాహికులతో జరిగిన వాకర్ కప్పు పోటీకి అమెరికా జట్టులో స్థానం దొరికినది. స్కాట్లండులోని మ్యూర్‌ఫీల్డ్ మైదానంలో తన రెండు ఆటలూ గెలిచినాడు. ఆ శరత్తులో కొలరాడో రాష్ట్రంలో అమెరికా ఔత్సాహిక పోటీ తుదిఘట్టంలో చార్లీ కో అనే వెనుకటి సంవత్సరపు విజేతతో తలపడినాడు. 36 గుంటల ఆటలో 35 ముగిసేసరికి ఇద్దరూ సమానం. చివరి గుంటకు ఎనిమిది అడుగుల దూరాన ఉన్న బంతిని నిక్లస్ లోనికి దొర్లించినాడు. 19వ ఏట జాతీయ విజేత! యాభై ఏండ్లలో అంత చిన్నవాడు ఆ బహుమతి గెలిచి ఉండలేదు.

ఇక 1960 జూన్ 18. ఈ కథలో నాకు అన్నిటికంటె ఇష్టమైన దినమది. డెన్వర్ నగరం వద్ద చెర్రీ హిల్స్ మైదానం. అమెరికా ఓపెన్ చివరి రోజు. ఆ కాలంలో చివరి రెండు ఆవృత్తులు, అనగా 36 గుంటలు, ఒకే దినాన ఆడేవారు. నిక్లస్‌కు జతగా వచ్చినవాడు బెన్ హోగన్. 1949లో ఆయన కారును బస్సు ఢీకొని ప్రాణం పోయినంత పని అయినది. 16 నెలల తరువాత, కాళ్ళకు కట్లు కట్టుకొని నడిచి, 1950లో మెరియన్ మైదానాన మరల ఓపెన్ గెలిచిన వీరుడు. ఇప్పుడు ఆయనకు 47, ఈ కళాశాల కుర్రవానికి 20. హోగన్ మితభాషి, ఆట మధ్య పలుకరించడం అరుదు. కుర్రవాడు కూడ పలుకలేదు.

చివరి ఆవృత్తి సగం దాటిన తరువాత ఒక దశలో నిక్లస్ అందరికంటె ముందున్నాడు. 13వ గుంట వద్ద అతనికి మిగిలినది మూరెడు దూరం. బంతికీ గుంటకూ నడుమ పచ్చికమీద, ఎవరి బంతియో పడి చేసిన చిన్న గొయ్యి ఒకటి కనబడినది. దానిని సరిచేయవచ్చునా, చేయరాదా? ఆ సంవత్సరమే ఆ నియమం మారినది, సరిచేయవచ్చును. అతనికి ఆ సంగతి రూఢిగా తెలియదు. ప్రక్కనే హోగన్ ఉన్నాడు, అడిగితే చెప్పేవాడే. అంతటివానిని ఇంతటి చిన్న ప్రశ్న అడగడానికి నోరు రాలేదు. బంతి ఆ గొయ్యికి తగిలి ప్రక్కకు తప్పినది. మరుసటి గుంట వద్ద కూడ ఒక దెబ్బ పోయినది. హోగన్ కూడ 17వ గుంట ముందరి నీటిలో బంతిని పడవేసికొని వెనుకబడినాడు. ఈ ఇద్దరూ పోగొట్టుకొన్నదానిని ఏరుకొన్నవాడు ఆర్నాల్డ్ పామర్. ఏడు దెబ్బల వెనుకనుండి బయలుదేరి, చివరి ఆవృత్తి 65లో ముగించి, మొత్తం 280తో గెలిచినాడు. నిక్లస్‌కు 282, రెండవ స్థానం. అమెరికా ఓపెన్‌లో ఒక ఔత్సాహికుడు అంత తక్కువ దెబ్బలలో ముగించడం అదే ప్రథమం. ఆ లెక్క 2019లో వికటర్ హోవ్‌లండ్ అనే నార్వే యువకుడు 280 సాధించేదాకా చెక్కుచెదరలేదు. ఈ రోజు నాతో ఆడిన పిల్లవాడు తెలిసి ఆడి ఉంటే పది దెబ్బల తేడాతో గెలిచేవాడని హోగన్ ఆనాడు విలేఖరులతో అన్నాడట. పామర్‌కు ముట్టినది 14,400 డాలర్లు. రెండవ స్థానపు సొమ్ము నిక్లస్‌ను దాటి తరువాతి వృత్తిదారులకు చేరినది. ఔత్సాహికునికి దక్కేది పతకమే.

ఆ శరత్తున మెరియన్ మైదానంలో ప్రపంచ ఔత్సాహిక జట్ల పోటీ జరిగినది. హోగన్ 1950లో ఓపెన్ గెలిచిన చోట అది; ఆయనకు నాలుగు ఆవృత్తులకు పట్టినవి 287 దెబ్బలు. నిక్లస్‌కు పట్టినవి 269. ఓపెన్ పోటీకి ఆ మైదానాన్ని మరింత కఠినంగా సిద్ధపరచినారన్నది నిజమే. అయినా 18 దెబ్బల తేడా చూచి క్రీడాలోకం నివ్వెరపోయినది. ఇక ఈ యువకుని గూర్చి అందరూ వేసిన ప్రశ్న ఒక్కటే: ఇతడు జోన్స్ దారిన పోవునా, పామర్ దారిన పోవునా?

పామర్ దారి ఎట్టిదో చెప్పవలె. పెన్సిల్వేనియాలోని లట్రోబ్ అనే చిన్న ఊరి క్లబ్బులో పచ్చిక సంరక్షకుడుగా, శిక్షకుడుగా పనిచేసినవాని కొడుకు అతడు. సేవకుల ఇంట పుట్టినవాడు. కళాశాలలో చదివి, 1954లో ఔత్సాహిక విజేతయై, ఆ సంవత్సరాంతంలోనే వృత్తిలో దిగినాడు. అతనికి అది సహజమైన దారి. నిక్లస్ క్లబ్బు సభ్యుని కొడుకు. పూర్వపు లెక్కన చూస్తే ముందు తలుపున లోనికి వెళ్ళేవాడు, కోరి పెరటి తలుపునకు పోవడం వంటిది అతడు వృత్తిదారుడు కావడం. తండ్రి దేవుడు జోన్స్. కొడుకు కూడ జీవితాంతం ఔత్సాహికుడుగానే ఉండిపోవలెనని కొంతకాలం మనస్ఫూర్తిగా అనుకొన్నాడు.

అనుకోవడం వేరు, నెల గడవడం వేరు. 1960 జూలైలో బార్బరా అనే సహాధ్యాయినితో నిక్లస్ వివాహం జరిగినది. 1961 సెప్టెంబరులో మొదటి కొడుకు పుట్టినాడు. చదువు పూర్తి కాలేదు. సంసారానికి జీవితబీమా పాలసీలు అమ్మడం మొదలుపెట్టినాడు. ఇక్కడొక చిక్కు ఉన్నది. ఔత్సాహిక ధర్మమంతా ఈ చిక్కు చుట్టూ తిరుగుతుంది. గోల్ఫులో సంపాదించిన పేరును సొమ్ము చేసికొనరాదని నియమం. కాని బీమా కొనేవాడు పాలసీని చూచి కొనుచున్నాడా, జాక్ నిక్లస్ ఎదురుగా కూర్చుని మాటలాడుతున్నాడని కొనుచున్నాడా? కొన్నవాని మనస్సులోనికి దూరి చూచేవారెవ్వరు? ధనికునికి ఈ ప్రశ్న రాదు. జోన్స్ వంటి న్యాయవాదికి కూడ అంతగా రాదు. పోటీలకు వారాల తరబడి వెళుతూ, మధ్య మధ్య పని చేస్తూ, ఆ పనిలో తన పేరు వాడుకోలేదని తనకు తాను చెప్పుకొనే మనిషికే ఇది నిద్రపట్టనీయదు.

1961 వేసవిలో అతడు కళాశాలల జాతీయ పోటీలో వ్యక్తిగత విజేత అయినాడు. సెప్టెంబరులో కాలిఫోర్నియా సముద్రతీరాన పెబుల్ బీచ్‌లో రెండవసారి ఔత్సాహిక విజేత అయినాడు. తుదిఘట్టంలో డడ్లీ వైసాంగ్‌ను 36 గుంటల ఆటలో ఇంకా ఆరు మిగిలి ఉండగానే ఎనిమిది గుంటల ఆధిక్యంతో ఓడించినాడు. ఈ రెండు బిరుదులు ఒకే సంవత్సరం గెలిచిన మొదటివాడు నిక్లసే. ఇక ఔత్సాహికులలో అతనికి ఎదురు లేదు. కల్లు త్రాగిన కోతికి నిప్పు త్రొక్కించినట్లు, ఇటువంటి వేళ పేరు ప్రతిష్ఠలు మనిషిని చెడగొట్టడం ఎక్కువ. ఇతనికి మాత్రం అవి ఒక లెక్క నేర్పినవి. అత్యుత్తమ ఆటగాడు కావలెనంటే అత్యుత్తములతో దినదినం తలపడవలె. ఆ అత్యుత్తములందరూ వృత్తిలో ఉన్నారు. జోన్స్ కాలంలో ఔత్సాహికులు ఓపెన్ పోటీలు గెలిచేవారు. చిట్టచివరి ఔత్సాహికుడు అమెరికా ఓపెన్ గెలిచినది 1933లో. అతడు జానీ గుడ్‌మన్. అటు తరువాత ఆ తలుపు మూసుకొన్నది. ఈసారి దానిని మూసినది క్లబ్బు కాదు, ఆట ప్రమాణం.

1961 నవంబరులో నిక్లస్ అమెరికా గోల్ఫు సంఘానికి తన నిర్ణయం తెలిపినాడు. పామర్ వ్యవహారాలు చూచే మార్క్ మకార్మక్ అనే న్యాయవాదియే ఇతని వ్యవహారాలకూ పూనుకొన్నాడు. చదువు కొద్దిలో ఆగిపోయినది. పట్టా చేతికి రాలేదు. విశ్వవిద్యాలయం 1972లో గౌరవ డాక్టరేటు ఇచ్చినది గాని, అది వేరే సంగతి.

వృత్తిలో మొదటి సంపాదన ఎంతో తెలిస్తే శ్రోతలు నవ్వుకొంటారు. 1962 జనవరిలో లాస్ ఏంజలిస్ ఓపెన్. ఫిల్ రాడ్జర్స్ 268తో గెలిచినాడు. నిక్లస్‌కు పట్టినవి 289. సొమ్ము దొరికే స్థానాలలో చిట్టచివరిది, అదీ మరి ఇద్దరితో కలిసి. నూరు డాలర్లు ముగ్గురు పంచుకొన్నారు. ఒక్కొక్కరికి 33 డాలర్ల 33 సెంట్లు. వారాలు గడిచినవి, నెలలు గడిచినవి. ఒక్క పోటీ కూడ గెలవలేదు. మంచి ఔత్సాహికుని చెడగొట్టుకొన్నామని అనుకొన్నవారు లేకపోలేదు.

జూన్ నెలలో పిట్స్‌బర్గు సమీపాన ఓక్‌మంట్ మైదానంలో అమెరికా ఓపెన్ వచ్చినది. లట్రోబ్ అక్కడికి దగ్గర. అంటే పామర్‌కు అది సొంత గడ్డ. జనం వేలకు వేలు అతనికోసం వచ్చినారు. పామర్ అందగాడు, సాహసి, చూచినవారితో కన్ను కలిపి నవ్వేవాడు. నిక్లస్ లావుగా, పొట్టి జుట్టుతో, చుట్టూ మనుషులున్నారన్న ధ్యాస లేకుండా ఆడేవాడు. అతని శరీరాన్ని గూర్చి మొగముమీదనే ఎకసెక్కాలాడినారు. బంతిని గుంటలోనికి దొర్లించే వేళ కాళ్ళు నేలకు కొట్టి చప్పుడు చేసినారు. తనకు అవేవీ వినబడలేదని అతడు తరువాత చెప్పినాడు. జుట్టు పట్టించుకొని నేర్చినవానికి అది సాధ్యమే కావచ్చును. జనం మధ్యన నడుస్తూ వినిన తండ్రికి మాత్రం అన్నీ వినబడినవి.

నాలుగు ఆవృత్తులు ముగిసేసరికి ఇద్దరికీ 283. మరునాడు, జూన్ 17న, మరల 18 గుంటలు ఇద్దరే ఆడవలసి వచ్చినది. మొదటి ఆరు గుంటలలోనే నిక్లస్ నాలుగు దెబ్బల ముందంజ వేసినాడు. పామర్ తన అలవాటు ప్రకారం తరిమి తరిమి తేడాను ఒక్క దెబ్బకు తెచ్చినాడు. 13వ గుంట వద్ద అతడు మూడు దెబ్బలు దొర్లించవలసి వచ్చి మరల వెనుకబడినాడు. రెండేండ్ల క్రిందట నిక్లస్‌ను దెబ్బతీసినది కూడ ఒక 13వ గుంటయే. చివరి లెక్క 71, 74. వృత్తిదారుడుగా నిక్లస్ మొదటి విజయమిది. అమెరికా ఓపెన్ దానికి వేదిక. వయస్సు 22. ఓక్‌మంట్ పచ్చిక అద్దంవలె నున్నగా ఉండి బంతిని నిలువనీయదు. ఆ ఐదు ఆవృత్తుల 90 గుంటలలో నిక్లస్ పచ్చికమీద మూడు దెబ్బలు వాడినది ఒక్కచోటనే. పామర్‌కు పలుమార్లు ఆ అవస్థ తప్పలేదు. సాహసం జనానికి కనబడింది, ఓర్పు కనబడలేదు.

తరువాతి చరిత్ర లోకానికి తెలిసినదే. 1962 నుండి 1986 వరకు 18 మహాపోటీలు గెలిచినాడు. చివరిది 46వ ఏట, జోన్స్ స్థాపించిన అగస్టా మైదానంలో. టెలివిజన్ వచ్చి ఈ ఆటకు అంతకుముందు ఎరుగని డబ్బు తెచ్చినది. ఎకసెక్కాలాడిన జనమే క్రమంగా అతనిని నెత్తిన పెట్టుకొన్నది. చార్లీ నిక్లస్ 1970లో, 56వ ఏట మరణించినాడు.

డెన్వర్‌లో ఒక రోజంతా మాట కలుపుకోకుండా నడిచిన ఆ ఇద్దరి పేర్లతో, హోగన్ పేర, నిక్లస్ పేర, అమెరికాలో ఉత్తమ కళాశాల క్రీడాకారునికి ఏటేటా పురస్కారాలిస్తారు. ఫ్రెడ్ హాస్కిన్స్ పేర మూడవది ఒకటి ఉన్నది. 2020లో ఈ మూడూ ఒక్కనికే దక్కినవి. అతడు తీగల సాహిత్. కాలిఫోర్నియాలో పుట్టిన తెలుగుబిడ్డ, తల్లిదండ్రులు హైదరాబాదు ప్రాంతంనుండి వెళ్ళినవారు. పెపర్డైన్ విశ్వవిద్యాలయంలో చదివినాడు. ఆ సంవత్సరమే మహమ్మారి కారణంగా కళాశాలల పోటీలు అర్ధాంతరంగా ఆగిపోయినవి; ఆ వేసవిలోనే అతడు వృత్తిలో దిగినాడు. మూడేండ్లు వేచి, 2023 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని నాపా వద్ద తన మొదటి పెద్ద పోటీ గెలిచినాడు.

నియమాలు కూడ మారినవి. 2022 జనవరి 1 నుండి ఔత్సాహికుడు తన పేరును, బొమ్మను ప్రకటనలకిచ్చి సొమ్ము పుచ్చుకొనవచ్చును. నిక్లస్‌ను వేధించిన బీమా పాలసీల చిక్కు ఆ విధంగా తీరిపోయినది. పందెపు సొమ్ముకు మాత్రం వేయి డాలర్ల హద్దు పెట్టినారు. 2024 జనవరిలో అలబామా విశ్వవిద్యాలయ విద్యార్థి, 20 ఏండ్ల నిక్ డన్‌లప్, వృత్తిదారులందరినీ ఓడించి కాలిఫోర్నియాలో ఒక పెద్ద పోటీ గెలిచినాడు. మొదటి బహుమతి 15,12,000 డాలర్లు. ఔత్సాహికుడు గనుక అది అతనికి రాలేదు. రెండవస్థానంలో నిలిచిన దక్షిణాఫ్రికా ఆటగాడు పుచ్చుకొన్నాడు. వారం తిరగకముందే డన్‌లప్ తాను వృత్తిదారుడనైనానని ప్రకటించినాడు.